గోల్‌కీపర్ చేతి పచ్చ పట్టీ

2023 వేసవి మొదట్లో సంగతి. అప్పటికి నేను గల్ఫులో, దమ్మామ్‌లో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో, రెటీనా క్లినిక్‌లో నర్సుగా పదకొండేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. రెటీనా అంటే కంటి వెనక గోడకి అంటుకుని ఉండే పల్చటి పొర. మనం చూసే బొమ్మ పడేది దాని మీదే. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో షుగరు ముదిరినవాళ్ళే ఎక్కువ, ఆ తర్వాత జుబైల్ ప్లాంట్లలో కంట్లో ఇనుప రజను పడ్డ వెల్డర్లు, ఫిట్టర్లు. ఆటగాళ్ళు రావడం అరుదు. మాది పాలకొల్లు దగ్గర. నాకు నోరెక్కువని ఇంట్లోనూ పేరే, ఆసుపత్రిలోనూ పేరే. కంటి జబ్బులవాళ్ళకి మెత్తగా చెప్తే చెవికెక్కదు కాబట్టి ఆ పేరు పోగొట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒక ఉదయం బాషా ఒక పొడుగాటి మనిషిని భుజం పట్టుకుని నడిపించుకొచ్చాడు. బాషా మాకు కొత్త కాదు. రాయచోటి మనిషి, ఖతీఫ్ వైపు ఒక హ్యాండ్‌బాల్ క్లబ్బులో బస్సు డ్రైవరు. పేరుకి డ్రైవరే గానీ ఆటగాళ్ళకి మందులు తేవడం దగ్గర్నుంచి ఇకామా అనే నివాస అనుమతి కార్డు పనులకి తిప్పడం దాకా అన్నీ అతనే. తెలిసినవాళ్ళలో ఎవరి కన్ను ఎర్రబడినా మా దగ్గరికే తెచ్చేవాడు. ఆ పొడుగాటి మనిషి తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చాడు. ముంజేతుల నిండా పసుపు, నీలం కమిలిన మచ్చలు.

"సిస్టర్, ఈయప్ప మా క్లబ్బు గోల్‌కీపరు, దామిర్ సారు. క్రొయేషియా దేశం. బంతి మొగానికి తగిలి మూడు దినాలాయ, ఎవురికీ చెప్పలేదు. ఈ పొద్దు బస్సు మెట్టు కానరాక పడబోయినాడు. నేను పట్టుకోని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పినాడు, ఎడం కంట్లో కిందినుంచి నల్లగా ఏదో లేస్తాందని."

"హ్యాండ్‌బాల్ అంటే ఏంటి బాషా?"

"ఫుట్‌బాలే సిస్టర్, కాలితో తన్నకుండా చేత్తో ఇసురుతారు. దగ్గరికొచ్చి ఎగిరి మరీ కొడతారు. గోల్‌కీపరుకు గ్లోవ్సు ఉండవు, మొగానికి ఏమీ ఉండదు. చాతీ, చేతులు, మొగం, ఏది దొరికితే అది అడ్డం పెట్టల్ల. తెలివుండేవాడు ఎవుడూ ఆ పని చెయ్యడు."

దామిర్‌కి తెలుగు రాకపోయినా తన గురించేనని అర్థమై నవ్వాడు. ముప్పై ఏడేళ్ళు. మేము ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకదాన్నొకటి వెక్కిరించుకునే స్థితిలో ఉన్నా పని నడిచింది.

ముందు ఎడమ కన్ను చూశాను. కింద చీకటి కమ్మినా మధ్య చూపు ఇంకా బాగానే ఉంది, చార్టు చివరి వరస దాకా చదివాడు. తర్వాత ఎడమ కన్ను మూయించి కుడి కంటితో చదవమన్నాను. గడగడా చదివేశాడు. నాకు అనుమానం వచ్చింది. నిజంగా చదివే మనిషి కన్ను అక్షరం మీద ఆగి ముందుకి జరుగుతుంది. ఈయన నా తల మీదుగా గోడని చూస్తూ ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. చార్టు మార్చాను. పైనున్న అన్నిటికన్నా పెద్ద అక్షరం దగ్గరే నోరు మూతపడింది.

"ఎన్నేళ్ళ నుంచి?" అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఇరవై మూడేళ్ళప్పుడు ఏడు మీటర్ల త్రో, అంటే మన పెనాల్టీ లాంటిది, నేరుగా కుడి కంటికి తగిలిందట. వాపు తగ్గింది కానీ రెటీనా నడిమధ్యన మచ్చ మిగిలిపోయింది. ఆ కంటికి ఎదురుగా ఉన్న మనిషి ముఖం కనపడదు. ఆ ముఖం చుట్టూ ఉన్న తలుపు, గోడ మసగ్గా కనపడతాయి. పైకి చూస్తే కన్ను మామూలుగానే ఉంటుంది. ఆ తర్వాత హంగరీ, జర్మనీ, ఖతర్, ఇప్పుడు ఇక్కడ. చేరిన ప్రతి క్లబ్బులోనూ మెడికల్‌లో ముందు మంచి కంటితో చార్టు బట్టీపట్టి, రెండో కంటితో అదే అప్పజెప్పేవాడు. ఇంతమంది డాక్టర్లలో ఒక్కరూ చార్టు మార్చలేదా అని నాకు ఒళ్ళు మండింది.

"మరి గోల్ దగ్గర ఎలా నిలబడ్డావు?"

"బంతిని చూసి చెయ్యి ఎత్తే గోల్‌కీపరు ఎప్పుడూ ఆలస్యమే సిస్టర్. ఆరు మీటర్ల నుంచి కొడతారు. అంత టైము ఎవడికీ ఉండదు. నేను కొట్టేవాడి మోచెయ్యి చూస్తాను, తుంటి చూస్తాను. చెయ్యి వెనక్కి పోయేటప్పుడే బంతి ఎటొస్తుందో తెలిసిపోతుంది. దానికి ఒక కన్ను చాలు."

ఆ ఒక్క కన్నే ఇప్పుడు మా ముందుంది. మా ఈజిప్టు డాక్టరు గారు పరీక్ష చేసి చెప్పింది ఇది. రెటీనా పైభాగంలో చిరిగి, గోడ నుంచి ఊడి కిందికి జారుతోంది. మధ్య భాగం ఇంకా అంటుకునే ఉంది. అది కూడా ఊడితే ఈ మనిషి జీవితంలో మళ్ళీ ఎవరి ముఖమూ చూడలేడు. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ చేశారు.

ఆ ఆపరేషన్‌లో ఊడిన పొరని తిరిగి సర్ది, కంటి లోపల ఒక రకం గ్యాసు నింపుతారు. గోడకి కాగితం అంటించి జిగురు ఆరేదాకా అరచేత్తో అదిమిపట్టుకుంటాం కదా, ఆ అరచెయ్యి పని గ్యాసు చేస్తుంది. అది దానంతటదే కరిగిపోవడానికి రెండు నెలల దాకా పట్టొచ్చు. మొదట్లో రోగి రోజంతా తల కిందికి వంచుకునే ఉండాలి. ఆ గ్యాసు ఉన్నంతకాలం ఆ కంటికి సరిగా ఏమీ కనపడదు. విమానం మాత్రం చచ్చినా ఎక్కకూడదు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పీడనం తగ్గి, గ్యాసు ఉబ్బి, కంట్లో రక్తం ఆడే నాళాన్ని నొక్కేస్తుంది. అందుకే ఆపరేషన్ అయినవాళ్ళ చేతికి మేము ఒక పచ్చ పట్టీ కడతాం. కంట్లో గ్యాసు ఉంది, విమానం ఎక్కించవద్దు అని దాని మీద అరబ్బీలో, ఇంగ్లీషులో రాసి ఉంటుంది. దామిర్ చేతికి ఆ పట్టీ నేనే కట్టాను. ఎందుకో కూడా విడమరిచి చెప్పాను. ఓపీ దాకా సరే గానీ ఆపరేషన్ వార్డులోకి డ్రైవర్లని రానివ్వరు కాబట్టి బాషా అప్పుడు బయట కారులో ఉన్నాడు.

ఆ వారాలన్నీ బాషాయే ఆయనకి కళ్ళు. క్లబ్బు ఫ్లాటుకి మసాజు బల్ల ఒకటి మోసుకొచ్చాడు. ముఖం పెట్టుకోవడానికి కన్నం ఉండే బల్ల అది. దామిర్ దాని మీద బోర్లా పడుకుని, కన్నంలోంచి నేలకేసి ముఖం పెట్టుకుని రోజులు గడిపాడు. బాషా డ్యూటీ అయ్యాక వెళ్ళి పప్పన్నం కలిపి గిన్నె చేతికిచ్చేవాడు, స్నానానికి నడిపించేవాడు, ఫోను కలిపిపెట్టేవాడు. "ఆయప్ప కారం తినలేడు సిస్టర్, కానీ మా టమేటా చారు అడిగి తాగుతాండాడు" అని ఒకసారి గర్వంగా చెప్పాడు. ఇద్దరికీ కలిపి ఉన్న భాష నూరు మాటలుండదు.

రివ్యూలకి వచ్చినప్పుడు రెటీనా చక్కగా అంటుకుందని డాక్టరు గారు చెప్పారు. గ్యాసు తగ్గుతూ వచ్చింది. అది తగ్గేటప్పుడు రోగికి కంట్లో ఒక నీటిమట్టం ఊగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ గీతకి పైన లోకం కనపడుతుంది, కింద మసక. ఒకరోజు దామిర్ నా ముఖం చూసి, "సిస్టర్ రూత్, ఇన్ని వారాలూ గొంతే విని నేను అనుకున్నంత కోపిష్టి మనిషిలా లేరే" అన్నాడు. ఆ రోజు నేను నిజంగా సంతోషపడ్డాను. ఒక కన్ను దక్కింది అనుకున్నాను.

ఆ తర్వాతి రివ్యూలో ఇంటికి వెళ్తానన్నాడు. ఆయన సొంతూరి క్లబ్బువాళ్ళు, పదేళ్ళ వయసులో ఆట మొదలుపెట్టిన హాలువాళ్ళు, గోల్‌కీపర్లకి కోచ్‌గా రమ్మని పిలిచారట. కొత్త సీజను ప్రాక్టీసు మొదలయ్యే రోజుకి అక్కడ ఉండాలి. ఇక్కడ ఆట ముగిసిపోయింది. క్లబ్బు మేనేజరు మంచివాడే, ఫైనల్ ఎగ్జిట్, అంటే కొలువు ముగించి దేశం విడిచే అనుమతి, తీసిపెట్టి టికెట్టు కూడా కొన్నాడు.

"ఇంకా ఎంత గ్యాసు ఉంది?" అని అడిగాడు.

"పావు వంతు."

"పావు వంతే కదా."

"పావు వంతయినా ఒకటే. కొన్నాళ్ళు ఆగు. ఆలస్యంగా వస్తానని వాళ్ళకి ఫోన్ చెయ్యి."

"ఎందుకు ఆలస్యం అని అడుగుతారు. కన్ను సంగతి చెప్పాలి. చెప్తే రెండో కన్ను సంగతీ బయటికొస్తుంది. గుడ్డివాణ్ణి కోచ్‌గా ఎవరు పెట్టుకుంటారు? పద్నాలుగేళ్ళు దాచింది ఈ ఒక్క నెల కోసం చెప్పమంటారా?"

డాక్టరు గారు ఫిట్ టు ఫ్లై, అంటే ఈ మనిషి విమానంలో వెళ్ళొచ్చు అనే సర్టిఫికెట్, ఇవ్వనని తెగేసి చెప్పారు. మేనేజరు కూడా విని టికెట్టు వాయిదా వేయిద్దామన్నాడు. దామిర్ తల ఊపాడు. నేను నమ్మాను.

గల్ఫులో పనిచేసేవాళ్ళకి ఒక నమ్మకం ఉంది. ఒంట్లో బాగాలేనివాణ్ణి ఎలాగోలా ఇంటికి చేర్చెయ్యాలి. ఇంటి నీళ్ళు తాగితే సగం జబ్బు పోతుందంటారు. విమానంవాళ్ళు మాత్రం జబ్బు మనిషిని చూస్తే దారిలో ఏమన్నా అయితే తమ మీదికొస్తుందని దింపేస్తారు. అందుకని మనవాళ్ళు రోగికి గడ్డం గీసి, కొత్త చొక్కా తొడిగి, చేతికున్న ఆసుపత్రి పట్టీ తీసేసి, నవ్వుతూ మాట్లాడించుకుంటూ కౌంటరు దాటించేస్తారు. బాషా ఇందులో చెయ్యి తిరిగినవాడు. లివరు పోయిన మేస్త్రిని ఒకణ్ణి, వాళ్ళ వైపువాడే, మోకాళ్ళ నొప్పని చెప్పి వీల్‌చైరులో ఎక్కించి పంపాడు. ఆ మనిషి ఇల్లు చేరి, పిల్లల్ని చూసుకుని, పది రోజులుండి పోయాడు. ఈ సంగతి బాషా నాకు చెప్పినప్పుడు మంచి పని చేశావనే అన్నాను. ఇప్పటికీ అది మంచి పనే అంటాను.

రివ్యూ రోజు దామిర్ రాలేదు. బాషాకి ఫోన్ చేశాను.

"మా సారు ఊరికి పోయినాడు సిస్టర్. టికెట్టు మార్చకుండానే నేనే ఎక్కించినా." గొంతులో మంచి హుషారు.

"విమానంలోనా?"

"మరి నడిచి పోతాడా సిస్టర్? రోజూ ఆ హాలు సంగతే చెప్పి ఏడుస్తాంటే చూడలేకపోయినా. కూలింగు గ్లాసులు పెట్టి, టోపీ పెట్టి, రాజా మాదిరి పంపించినా. ఆ పచ్చ పట్టీ ఉంటే కౌంటరు కాడ పట్టుకుంటారని కత్తిరించి పారేసినా. ఒక్కడూ అడగలేదు."

"విమానం లేచిందా?"

"లేచి గంటాయ. ఏం సిస్టర్?"

నేను ఫోన్ పెట్టేసి డాక్టరు గారి గదిలోకి పరిగెత్తాను. ఆయన విమాన సంస్థకి ఫోన్ చేశారు. ఒకరు ఇంకొకరికి ఇచ్చారు, వాళ్ళు మరొకరికి. చివరికి పైలట్‌కి కబురు పెట్టడానికి ప్రయత్నిస్తామన్నారు. పెట్టారో లేదో నాకు ఈనాటికీ తెలీదు. ఆ రోజు నేను ఎవరికి చుక్కల మందు వేశానో, ఎవరి పేరు పిలిచానో గుర్తులేదు.

రెండ్రోజుల తర్వాత బాషా వచ్చాడు. ఓపీ అయ్యేదాకా వరండాలో నిలబడి, అందరూ వెళ్ళాక లోపలికి వచ్చాడు. మధ్యలో విమానం మారే ఊళ్ళో ఆసుపత్రి నుంచి దామిర్ ఫోన్ చేశాడట. విమానం పైకి లేచిన కాసేపటికే కంట్లో నొప్పి మొదలైంది, వాంతులయ్యాయి, దిగేలోపే అంతా నలుపైపోయింది. అక్కడి డాక్టర్లు సూది పెట్టి గ్యాసు తీసేశారు గానీ అప్పటికే ఆలస్యమైంది.

"గ్యాసేంది సిస్టర్, నొప్పేంది? కట్టు తీసేసినారు గదా, మానింది గదా. విమానంవోళ్ళు ఊరికే పెట్టే రూల్ అనుకున్నా నేను."

నాకు అరవాలనిపించింది. అతని ముఖం చూసి గొంతు తగ్గించాను. "విమానంలో చిప్స్ పాకెట్టు ఎప్పుడన్నా చూశావా బాషా?"

"చూసినా. ఉబ్బుతాది."

"ఆయన కన్ను అలాంటి పాకెట్టు. లోపల గ్యాసు. ఉబ్బడానికి చోటు లేదు."

"ఈ మాట నాకు ఎవురూ చెప్పలేదు" అన్నాడు. అది నన్ను తప్పుపట్టి అన్నది కాదు. నిజంగానే ఎవరూ చెప్పలేదు. పట్టీ మీద ఏం చెయ్యకూడదో రాసి ఉంది, ఎందుకో రాసి లేదు. దామిర్‌కి తెలుసు. పావు వంతే కదా అనుకున్నాడు, ఆ హాలు తలుచుకున్నాడు, చెయ్యి చాపి పట్టీ కోయించుకున్నాడు.

కొన్ని నెలలకి దామిర్ నాకు ఫోన్ చేశాడు. కోచ్ పని రాలేదు. అక్క ఇంట్లో ఉంటున్నాడు. ఎడమ కంటికి వెలుగు కూడా లేదు. పాత కుడి కన్ను అంచుల్లోంచి గోడలు పట్టుకుని నడుస్తున్నాడు. ఏడవలేదు. పద్నాలుగేళ్ళు ఒక కంటితో ఆడాను, అదృష్టవంతుణ్ణే అన్నాడు. నేను మాత్రం ఆ మాటకి ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను.

"ఒక సాయం చెయ్యాలి సిస్టర్ రూత్. బాషా ప్రతి శుక్రవారం ఫోన్ చేసి కన్ను ఎలా ఉంది అని అడుగుతాడు. కొంచెం కొంచెం వస్తోందని చెప్తున్నాను. మొన్న వేళ్ళు లెక్కపెట్టానన్నాను. మిమ్మల్ని అడిగితే మీరూ అదే చెప్పండి."

మాట ఇవ్వకుండానే ఫోన్ పెట్టేశాను. బాషా అడగకూడదని మాత్రం కోరుకున్నాను.

అడిగాడు. మరుసటి చలికాలంలో ఒక బంగ్లాదేశ్ మనిషిని తీసుకొచ్చాడు, గిడ్డంగిలో పనిచేసేవాడు. అదే జబ్బు, అదే ఆపరేషన్, చేతికి అదే పచ్చ పట్టీ. ఊళ్ళో చెల్లెలి పెళ్ళి ఉందట, సెలవు కూడా దొరికిందట. వాణ్ణి బయట కూర్చోబెట్టి బాషా నా దగ్గరికి వచ్చాడు.

"సిస్టర్, ఈ పిలగాడు విమానం ఎక్కితే మా సారు మాదిరే అయితాదంటారా? కొన్నాళ్ళు కనపడకపోయినా మళ్ళా వస్తాది గదా. మా సారుకు వస్తాంది. వేళ్ళు ఎంచినాడంట మొన్న."

అబద్ధం ఆడడం నాకు చేతకాక కాదు. ఇరవై ఏళ్ళుగా నర్సుని, అవసరమైతే ఆడతాను. కానీ బయట బెంచీ మీద ఇంకో కన్ను కూర్చుని ఉంది.

"రాదు బాషా. ఆయన కన్ను ఆ రోజే చచ్చిపోయింది. వేళ్ళు లేవు, వెలుగూ లేదు."

"మరి నాకెందుకు అట్ల చెప్తాండాడు?"

"నీ బాధ చూడలేక."

"నేనూ ఆయప్ప బాధ చూడలేకనే గదా సిస్టర్, ఆ పట్టీ కోసింది."

బాషా కళ్ళు తుడుచుకుని బయటికి వెళ్ళాడు. ఆ బంగ్లాదేశ్ మనిషి పక్కన కూర్చుని, వాడి మణికట్టు పట్టుకుని, తనకొచ్చిన హిందీలో చిప్స్ పాకెట్టు సంగతి మొదలుపెట్టాడు. వాడు పెళ్ళి, పెళ్ళి అని ఏడుస్తున్నాడు. బాషా మణికట్టు వదల్లేదు.

దామిర్ కేసు నాకు నేర్పింది చిన్న విషయం. ఈ దేశంలో రోగి పక్కన అమ్మ ఉండదు, పెళ్ళాం ఉండదు. డ్రైవరో, రూమ్మేటో ఉంటాడు, ఏం చేసినా ప్రేమతోనే చేస్తాడు. ఇప్పుడు పచ్చ పట్టీ కట్టేముందు తోడొచ్చిన మనిషిని లోపలికి పిలిపిస్తాను. సెక్యూరిటీవాళ్ళు డ్రైవర్లకి అనుమతి లేదంటారు. నాకు నోరెక్కువ కాబట్టి రానిస్తారు.